చెన్నపురి విద్యుద్రైలు

రైలుదారి యెఱుఁగని ఆమడగూరునుండి చెన్నపురికిఁ బోయినవానికి ఒకనాఁడు పొగలేని బండి వింతయే. 1931 మే 11వ తేదీని దక్షిణ ఇండియా రైల్వేవారు సముద్రతీరపు స్టేషనునుండి తాంబరమువఱకు మీటరుగేజి విద్యుద్రైళ్లను నడపిరి. బొంబాయి యీ విద్యను 1925లోనే నేర్చినది. మీటరుగేజిపైఁ దొలియడుగు మాత్రము చెన్నపురిదే. తీఁగలోని 1500 వోల్టుల ఏకముఖప్రవాహమును బండికప్పుమీఁది చట్రమందుకొని మోటార్లకిచ్చును. బొగ్గు నింపుట, నీరు పట్టుట లేదు. ఆఁగిన బండి వెంటనే వేగమందుకొనును. కావుననే మాంబలము, సైదాపేటలలోఁ గాపురముండి కోటదగ్గఱ గుమాస్తాపని చేయుట సుకరమైనది. (పొగ తొలఁగెనని పట్నవాసికి సంతోషమేగాని, బొగ్గు మఱొకచోటఁ గాలుచునే యుండెనని మా మనవి.)

1960ల దశకమున 25000 వోల్టుల ఆవర్తకప్రవాహము వచ్చినది. జపానునుండి మిత్సుబిషి ఇంజనులును దిగినవి. 2004 జూలైలో ఆ మీటరుగేజి ముగిసి బ్రాడ్‌గేజి మిగిలినది. గేజి పెరిగినను, ఉదయపు బండిలో జనము నేఁటికిని వాకిలి పట్టుకొని వ్రేలాడుచునే యున్నారు.