గాలులు మారే బెలూన్

"బెలూన్ గాలి ఎటు తోస్తే అటే పోతుంది కదా సార్, మరి కెన్యా మీదే ఎలా ఉండిపోయింది?" ప్లవన సూత్రాలు చెబుతూ మాటవరసకు గూగుల్ వాళ్ల లూన్ గురించి ఎత్తితే పదో తరగతి అమ్మాయి వేసిన ప్రశ్న ఇది. ఇంటర్నెట్ అందని ఊళ్లకు బెలూన్ల మీదనుంచి సిగ్నల్ పంపుతామని 2013లో న్యూజిలాండ్‌లో బయటపెట్టిన పథకం లూన్. అది మూతపడి ఏళ్లు గడిచాయి గానీ, దాని లోపలి కిటుకు నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

వాతావరణ శాఖ వదిలే రబ్బరు బెలూన్ పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి, ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. లూన్ సాగదు. పలచటి పాలిథిన్ తొడుగు, దాన్ని నిలువునా బిగించి పట్టిన తాళ్లు, నిండితే అడ్డంగా 15 మీటర్లు. లోపలి పీడనం ఎప్పుడూ బయటికన్నా కాస్త ఎక్కువగానే ఉంచుతారు. అందుకని పగటి ఎండకు వేడెక్కినా, రాత్రి గడ్డకట్టే చలి పట్టినా ఘనపరిమాణం దాదాపు మారదు. అది మారనప్పుడు, బెలూన్ తొలగించే గాలి బరువు చుట్టూ ఉన్న గాలి సాంద్రతను బట్టే ఉంటుంది. ఆ బరువూ తన బరువూ సమానమైన ఎత్తులో బెలూన్ ఆగిపోతుంది. సుమారు 20 కిలోమీటర్లు, అంటే ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తుకు దాదాపు రెట్టింపు. అక్కడి గాలి సాంద్రత నేలమీది దాంట్లో 14వ వంతు.

మరి ఎత్తు మార్చాలంటే? వెనకటి బెలూన్లలో పైకి పోవడానికి ఇసుక పారబోసేవారు, దిగడానికి వాయువు వదిలేవారు. రెండూ అయిపోయే సరుకులే. లూన్‌లో రెండు అరలున్నాయి. ఒకదాంట్లో హీలియం, దాని జోలికి పోరు. రెండోదాంట్లోకి చిన్న పంపు బయటి గాలినే నింపుతుంది. పరిమాణం అంతే ఉండి బరువు పెరిగింది కనుక బెలూన్ దిగుతుంది. నింపిన గాలి వదిలేస్తే ఎక్కుతుంది. బరువుకు కావలసిన సరుకు చుట్టూ ఊరికే దొరుకుతోంది, పంపుకు కరెంటు సోలార్ పలకలు ఇస్తాయి. ఇంత పొదుపైన ఆలోచన నేను మరోటి చూడలేదు!

ఎక్కడం దిగడం వస్తే చాలు, పక్కకు కదలడమూ వచ్చినట్టే. స్ట్రాటో ఆవరణంలో ఒక్కో ఎత్తున గాలి ఒక్కో దిక్కుకు వీస్తుంటుంది. తూర్పుకు కొట్టుకుపోతుంటే, పడమరకు పోయే గాలి ఉన్న పొరలోకి మారాలి. డ్రైవింగ్ రానివాడు బస్సులు మారుతూ ఊరు చేరడం లాంటిదే ఇది. చిక్కల్లా ఏ పొరలో ఏ గాలి ఉందో కచ్చితంగా తెలియకపోవడం. ఈ పని చివరికి, అనుకరణ ప్రయాణాల్లో తప్పులు చేస్తూ తనంతట తాను నేర్చుకున్న ప్రోగ్రాముకు అప్పగించారు. పసిఫిక్ మీద 39 రోజుల పరీక్షలో అది ఇంజినీర్లు రాసిన పాత పద్ధతిని మించిపోయింది. 2020లో 'నేచర్' పత్రిక ఆ ఫలితాలను అచ్చేసింది.

ఫేస్‌బుక్ వాళ్లు పోటీగా అక్విలా అనే సోలార్ డ్రోన్ కట్టారు. రెక్కలు బోయింగ్ 737 అంత. కానీ డ్రోన్‌కు ఊరికే పైన ఉండటానికే కరెంటు కావాలి, బెలూన్‌కు అక్కర్లేదు. అక్విలా 2016లో మొదటిసారి ఎగిరి దిగేటప్పుడే దెబ్బతింది, 2018లో వదిలేశారు. అదే కంపెనీ కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా ఇస్తానన్న 'ఫ్రీ బేసిక్స్'కు 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో మన దేశంలో తెరపడింది. ఏ సైటు ఉచితమో కంపెనీ తేల్చే ఇంటర్నెట్ మనకెందుకు? మంచి పనే చేసింది ట్రాయ్.

లూన్ 2017లో తుపానుకు కుదేలైన ప్యూర్టోరికోకు సిగ్నల్ ఇచ్చింది. 2020 జులైలో కెన్యాలో దాదాపు 35 బెలూన్లతో వ్యాపారం మొదలైంది, 2021 జనవరిలో మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఖర్చు తగ్గలేదు. పైగా అక్కడి మారుమూల పల్లెల్లో చాలామంది దగ్గర 4జీ ఫోనే లేదు. బెలూన్ల మధ్య కబుర్లకు తయారుచేసిన లేజర్ కిరణం మాత్రం నేలకు దిగి బతికింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కోసం అలాంటి 2,000 లింకులకు 2017 డిసెంబరులో ఒప్పందం ప్రకటించారు. తర్వాత తారా పేరుతో అదే లేజర్ కాంగో నది మీదుగా బ్రజవిల్, కిన్షాసా నగరాలను కలిపింది.

మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎమ్ఏ 2024 లెక్క ప్రకారం ప్రపంచంలో మొబైల్ ఇంటర్నెట్ సిగ్నల్ అందనివాళ్లు 4 శాతం. సిగ్నల్ ఉండి కూడా వాడనివాళ్లు 39 శాతం. ఫోన్ ధర, వాడటం తెలియకపోవడం పెద్ద అడ్డంకులు. ఇవి ముందే పట్టించుకుని, బెలూన్ల కన్నా ముందు చౌక ఫోన్ మీదే డబ్బు పెట్టాల్సిందని నా అభిప్రాయం.