కంప్యూటర్ ‘లేదు’ అంటే నిజంగా లేనట్టేనా?



సీబీఎస్‌ఈ 12వ తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లలకు పైథాన్‌లో టెక్స్ట్ ఫైళ్ల పాఠం ఉంటుంది. అందులో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: ‘ఒక ఫైలు చదివి, ఫలానా మాట ఉన్న లైన్లన్నీ చూపించే ప్రోగ్రామ్ రాయండి.’

ఫోన్‌లో రోజూ ఏదో ఒకటి వెతుకుతూనే ఉంటాం కాబట్టి ఇందులో నేర్చుకోవడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. ప్రోగ్రామ్ నిజంగానే చిన్నది. కానీ అది ఇచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడం పెద్ద పాఠం. కంప్యూటర్ రాని పెద్దలు కూడా ఇంట్లో పిల్లలతో కూర్చుని మాట్లాడగలిగే పాఠం ఇది.

ప్రోగ్రామ్ చేసే పని

మొత్తం పని మూడు మెట్లు. ఫైలు తెరవాలి. ఒక్కో లైనూ చదవాలి. ఆ లైనులో మనం అడిగిన మాట ఉంటే లైను నంబరుతో సహా చూపించాలి. పైథాన్‌లో ‘ఉందా, లేదా’ అని చూడటానికి ‘ఇన్’ అనే చిన్న పదం చాలు. అంతా కలిపి నాలుగైదు లైన్లకు మించదు.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ‘గ్రెప్’ అనే ప్రోగ్రామ్ 1973లో యూనిక్స్‌తో పాటు వచ్చింది. అదీ ఫైలులో లైను లైనూ చూసి, అడిగిన అక్షరాలున్న లైన్లను చూపిస్తుంది. లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో ఇప్పటికీ వాడుకలో ఉంది.

కంప్యూటర్ అర్థం చూడదు

మనం మాటను వెతుకుతున్నాం అనుకుంటాం. కంప్యూటర్ మాత్రం అక్షరాల వరుసను పోలుస్తుంది, అంతే. రోల్ నంబర్ 12 ఉన్న లైన్లు చూపించమంటే 112, 120, 312 ఉన్న లైన్లు కూడా చూపిస్తుంది. వాటన్నిటిలో ఒకటి, రెండు పక్కపక్కనే ఉన్నాయి కదా!

తెలుగులో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. ‘రామ’ అని వెతికితే రామయ్య, రాముడు, పరామర్శ దొరుకుతాయి. ‘గ్రామం’ కూడా దొరుకుతుంది. కంటికి అక్కడ ‘గ’ కింద క్రావడి మాత్రమే కనిపిస్తుంది. ఫైలులో మాత్రం అది గ, పొల్లు, ర, దీర్ఘం, మ, సున్న అనే వరుసలో ఉంటుంది. మధ్యలో ర, దీర్ఘం, మ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి కంప్యూటర్ లెక్కలో అది ‘రామ’ ఉన్న మాటే.

సరే, మాట పూర్తిగా సరిపోతేనే చూపించు అని నియమం పెడితే? ‘గ్రామం’ పోతుంది. దానితో పాటు ‘రాముడు’ కూడా పోతుంది. పక్కన కామా అంటుకుని ఉన్నా ఆ మాట తప్పిపోతుంది. అలాగే ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’, ‘పుస్తకానికి’ దొరకవు. ‘పుస్తక’ అని వెతికితే మూడూ దొరుకుతాయి. ‘పెళ్లి’ అని వెతికితే ‘పెళ్ళి’ అని రాసినవి రావు.

ఏ నియమం పెట్టాలి అన్నది మనకు ఏం కావాలి అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయం పిల్లలే తీసుకోవాలి. కంప్యూటర్ తీసుకోలేదు.

పేర్ల దగ్గర జాగ్రత్త

ఇది మనందరికీ సంబంధించిన సంగతి. లక్ష్మి పేరును ఇంగ్లిష్‌లో కొందరు ‘కె ఎస్ హెచ్’తో రాస్తారు, కొందరు ‘ఎక్స్’తో రాస్తారు. ‘శ్రీ’ని ఒకరు ఒక ‘ఐ’తో రాస్తే ఇంకొకరు రెండు ‘ఈ’లతో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట చివర, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. మనిషి చూస్తే ఒకే పిల్ల అని పోల్చుకుంటాడు. అక్షరాలను పోల్చే ప్రోగ్రామ్‌కు మాత్రం ఇవి వేర్వేరు పేర్లు. అది ‘లేదు’ అంటే ‘మీరు టైపు చేసిన ఈ రూపంలో లేదు’ అని మాత్రమే అర్థం.

అందుకే జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్ మూడింటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి, మీ బిడ్డ పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే పదో తరగతికి వచ్చేదాకా ఆగకుండా స్కూలు ఆఫీసులో అడగండి.

ప్రోగ్రామ్ పనిచేయకపోతే

పిల్లలు ఇంట్లో చేసేటప్పుడు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి:

• తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు రావడం లేదా ఎర్రర్ రావడం. విండోస్‌లో ఇది మామూలే. ఫైలు తెరిచే చోట ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8’ అని చెప్పాలి.

• మాట కళ్ల ముందే ఉన్నా ‘సమానం కాదు’ అనడం. చదివిన లైను చివర కంటికి కనపడని ‘కొత్త లైను’ గుర్తు ఉంటుంది. ‘స్ట్రిప్’తో దాన్ని తీసేయాలి.

• ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా. పోల్చే ముందు రెండిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చుకోవాలి.

ఈ ఆదివారం ఇలా చేయండి

ఒక పది లైన్ల తెలుగు కథ టైపు చేయమనండి. అందులో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో ముందు మీరిద్దరూ పెన్సిల్‌తో గుర్తు పెట్టి లెక్కించండి. తర్వాత ప్రోగ్రామ్ నడపమనండి. రెండు లెక్కలూ కలవకపోతే ఎవరిది తప్పు అని కాకుండా, ‘ఏ లైను దగ్గర తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది?’ అని అడగండి.

జవాబు చెప్పడానికి పిల్లలు మళ్లీ ఆ లైను చూస్తారు, తాము రాసిన నియమం చూస్తారు. మార్కుల కోసం ప్రోగ్రామ్ బట్టీ పట్టిన పిల్లలకు, దాన్ని అర్థం చేసుకున్న పిల్లలకు తేడా మీకు అక్కడే తెలిసిపోతుంది.