ప్రదర్శన గిత్తకు తోలు పగ్గము – అల్లిక, ముడులు

పశువుల ప్రదర్శనకు గిత్తను సిద్ధము చేయు రైతు దాని మేని నిగ్గు కొరకు నెలల తరబడి శ్రమపడును. కాని దానిని నడిపించు పగ్గమును గూర్చి అంతగా ఆలోచింపడు. మేళముల మ్రోతకు, జనసమ్మర్దమునకు బెదరిన గిత్త ఒక్క గుంజు గుంజినచో దాని బలమంతయు పగ్గము మీదనే పడును. అది తెగినచో చుట్టునున్నవారికి ప్రాణాపాయము. కనుక పగ్గము సొగసుగా నుండిన చాలదు, గట్టిగాను ఉండవలెను. పేటలన్నియు సమముగా నున్నచో ఈ రెండు గుణములును కలుగును. ఒక పేట బిగువుగా, తక్కినవి వదులుగా నున్నచో లాగుడంతయు బిగువు పేట మీద పడి అదియే ముందు తెగును. పిమ్మట తక్కినవి తెగును.

తోలు ఎంపిక: తంగేడు చెక్కతో ఊనిన గేదె తోలు ఈ పనికి అనువైనది. వెన్ను భాగపు తోలునే తీసికొనవలెను. పొట్ట భాగము సాగును. తోలును మడచినప్పుడు పైపొర పగిలినచో దానిని విడిచిపెట్టవలెను.

వార్లు కోయుట: అల్లునప్పుడు పొడవు తగ్గును. అందుచేత రెండు మీటర్ల పగ్గమునకు ఒక్కొక్క పేట మూడు మీటర్లు ఉండవలెను. నాలుగు పేటలకు నాలుగు వార్లు కోయక, ఆరేసి మీటర్ల వార్లు రెండు కోసి, వాటిని ఇత్తడి రింగులో దూర్చి నడిమికి మడచినచో రింగు వద్ద అతుకు ఉండదు. 30 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని తోలు ముక్కను అంచునుండి చుట్టుగా ఒక సెంటీమీటరు వెడల్పున కోసినచో, నడుమ చిన్న బిళ్ల మిగులగా ఆరు మీటర్లకు పైగా వారు వచ్చును. దానిని తడిపి, మెల్లగా లాగి వంపు తీయవలెను. తరువాత అంతటను ఒకే వెడల్పు, ఒకే మందము ఉండునట్లు రంపెతో సరిచేసి, అంచుల పదును తీసివేయవలెను.

అల్లిక: రింగును గుంజకు తగిలించి, పేటలను రెండు కుడివైపున, రెండు ఎడమవైపున ఉంచుకొనవలెను. కుడి అంచు పేటను వెనుకగా రెండు పేటలు దాటించి, ఎడమనున్న రెంటి నడుమనుండి ముందుకు తెచ్చి, లోపలి ఎడమ పేట మీదుగా కుడివైపునకే మరల్చవలెను. పిదప ఎడమ అంచు పేటను ఇట్లే చేయవలెను. ఒక్కొక్క మలుపుకు ఒకే బిగువు చూపవలెను. తోలు కొద్దిగా తడిగా నున్నప్పుడే అల్లి, పిమ్మట రెండు చెక్కల నడుమ దొర్లించినచో పగ్గము గుండ్రముగా నగును. క్రొత్తవారు ముందుగా నూలు త్రాళ్లతో చేయి అలవాటు చేసికొనుట మేలు.

ముడులు: సన్నని వారును పగ్గము చుట్టు త్రిప్పుచు, ఒకసారి మీదుగా, మరుసారి క్రిందుగా పోనిచ్చి, మొదలైన చోటికి వచ్చిన తరువాత అదే దారిని ఇంకొకసారి నడిపించినచో మొదలు, చివర కానరాని ముడి ఏర్పడును. పగ్గపు చివర ఇట్టి ముడి పేటలు విడకుండ కాపాడును. చేయి జారకుండ పట్టునిచ్చును. అక్కడక్కడ రంగుతోలు ముడులు వేసికొనవచ్చును. కాని ముడి కొరకు పగ్గమునకు ఆరెతో రంధ్రము చేయరాదు.

జాగ్రత్తలు: ముక్కులో తోలు వేయరాదు. తడిసి ఆరిన తోలు గట్టిపడి పుండు చేయును. ఈగలు వాలి పురుగులు పడును. ముక్కునకు మెత్తని నూలు ముకుతాడే ఉండవలెను. ఎదిగిన గిత్తకు తోలు పగ్గముతో పాటు గట్టి నూలు పగ్గమును కట్టి రెండవ మనిషి పట్టుకొనవలెను. పగ్గమును చేతికి చుట్టుకొనరాదు. పని తీరిన పిదప తుడిచి, నీడను ఆరవేసి, ఆముదము పలుచగా రాయవలెను. ప్రదర్శనకు బయలుదేరుటకు ముందు పగ్గమును రింగు మొదలుకొని చివరి ముడి వరకు చేతితో తడిమి చూడుడు. ఒక్క పేట చిట్లినను ఆ పగ్గమును ఇంట నుంచి, నూలు పగ్గములతోనే గిత్తను తీసికొని పొండు.