చిన్నకారునకు సైలెన్సరు ఎంపిక



నేటి ప్రసంగవిషయము మోటారుకారు సైలెన్సరు. ఇది కుర్రవాండ్ర వ్యవహారము గదా, మాకేల యని మీలో కొందరనుకొనవచ్చును. కారు తోలునది కుర్రవాడే, నిజము. కాని డబ్బిచ్చునది మీరు, వెనుక సీటులో గూర్చుండునది మీరు, నడిరేయి వీధిలోని మ్రోతకు ఉలికిపడి లేచునదియు మీరే. కావున ఈ సంగతి మీకు తెలిసియుండుట మంచిది.

మన పల్లెలలో నేటికిని కనబడు మారుతి 800 వంటి చిన్నబండినే ఉదాహరణముగా దీసికొందును. ఆ బండి మొట్టమొదట 1983 డిసెంబరులో జనుల చేతికి వచ్చినది. 2014లో దాని తయారు నిలిచిపోయినది. ఇంజను 796 ఘనపు సెంటీమీటర్లది, సిలిండర్లు మూడు. ఇట్టి పాతబండ్లలో అనేకములకు ఇంజను గట్టిగనే యున్నను, క్రిందనున్న పొగగొట్టము తుప్పుపట్టి చిల్లులు పడుచున్నది. అప్పుడు బజారులో దొరకు సైలెన్సరు నొకదానిని కొనక తప్పదు.

మ్రోత యెట్లు పుట్టునో ముందు చూతము. ఇంజను ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి ప్రతి సిలిండరునందును ఒకసారి పెట్రోలు మండును. ఇరుసు నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నచో, మూడు సిలిండర్లలో గలిపి నిమిషమునకు 4500 మంటలు, అనగా సెకనునకు 75. ప్రతి మంటయు ముగియగానే కవాటము తెరచుకొని, కాలిన వాయువు మిక్కిలి వేడితో, మిక్కిలి ఒత్తిడితో గొట్టములోనికి దూకును. సెకనునకు 75 టపాకాయలు ప్రేలినట్లే గదా! ఆ మ్రోతను అణచుటకే సైలెన్సరు.

ఇవి ముఖ్యముగా రెండు విధములు. మొదటిదానిలో రేకుడబ్బాకు లోపల అడ్డుగోడలును గదులును, చిల్లులుగల గొట్టములును ఉండును. ధ్వని ఈ గోడలను దాకి వెనుకకు మరలి, వెనుకనుండి వచ్చు ధ్వనితో ఢీకొనును. చెరువులో రెండు రాళ్లు వేసినప్పుడు, ఒక అల మిట్టయు మరియొక అల పల్లమును కలిసినచోట నీరు నిమ్మళించుట మీరెరుగుదురు. ఇదియు అట్టిదే. బండితో వచ్చు సైలెన్సరు సాధారణముగా ఈ జాతిదే.

రెండవదానిలో చిల్లులుగల గొట్టమొకటి తిన్నగా ఈ కొననుండి ఆ కొనకు బోవును. దానిచుట్టును గాజునూలు దట్టించియుందురు. అంగడివారు స్పోర్ట్సు సైలెన్సరని యమ్మునది తరచుగా ఇదియే. గాజునూలు సన్నని కీచుధ్వనిని బాగుగ పీల్చును గాని గుమ్మను బరువుధ్వనిని అంతగా పీల్చలేదు. పైగా కొంతకాలమునకు వేడికి నూలు చెడి, పొగతోబాటు కొట్టుకొనిపోవును. మ్రోత నానాటికి హెచ్చును. కొన్ననాడు వినసొంపుగా నున్నది రెండేండ్లకు చెవులు చిల్లులు పొడుచును. ఒక వేగమునకు రాగానే బండిలోపలనే గుమ్మని మారుమ్రోగుటయు గలదు. ఆ బండిలో రెండుగంటలు ప్రయాణము చేసిన ముసలివానికి తలనొప్పి రాకుండునా?

మ్రోత హెచ్చిన బండికి బలము హెచ్చినట్లు తోచుట చెవికి గలుగు భ్రాంతి మాత్రమే. చిన్నబండికి వెనుకనున్న డబ్బా నొక్కదానిని మార్చినందున గలుగు బలము లెక్కింపదగినది కాదు. మైలేజి పెరుగునను మాటయు నమ్మదగినది కాదు. గొట్టము ఎంత లావైన అంత మంచిదను నమ్మకము మరియొకటి. మీరు సేద్యము చేసినవారు. కాలువను వెడల్పు చేసినంత మాత్రమున నీరు అధికముగా పారదని యెరుగుదురు. ఉన్న కొలది నీరు పలుచబడి, మెల్లగా సాగి, ఒండ్రు నిలుచును. పొగగొట్టములోను వడియే ముఖ్యము. ఒక విడత వాయువు వడిగా బోవుచు తన వెనుకనున్న వాయువును లాగికొనిపోవును, సిలిండరు శుభ్రపడును. చిన్న ఇంజనుకు లావు గొట్టము తగిలించినచో ఆ వడి తగ్గి, బండి నెమ్మదిగా బోవునప్పటి లాగుడు సన్నగిల్లును. అయిదుగురు మనుష్యులతో, రెండు బియ్యపు మూటలతో గట్టు ఎక్కవలసిన బండికి కావలసినది ఆ లాగుడే. కావున పాతగొట్టమెంత లావో క్రొత్తదియు అంతే యుండవలెను.

ఇక తుప్పు సంగతి. ఒక లీటరు పెట్రోలు కాలినప్పుడు రమారమి ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. వినుటకు వింతగా నున్నను ఇది నిజము. దూరప్రయాణమున గొట్టము కాగి ఆ నీరంతయు వెలుపలికి బోవును. ఇంటినుండి సంతకు, సంతనుండి ఇంటికి మూడేసి మైళ్లు తిరుగు బండిలో గొట్టము వేడెక్కకముందే ఇంజను ఆపుదురు. నీరు సైలెన్సరులోనే నిలుచును, లోపలినుండియే రేకును తినును. ఉదయమున గొట్టముకొననుండి నాలుగు చుక్కలు కారినచో భయపడవలదు. డబ్బా అడుగున సన్ననిచిల్లి యొకటి యుండును. అది నీరు కారుటకే పెట్టినది. లోపమనుకొని దానిని వెల్డింగుతో మూయించువారు కలరు. అట్లు చేయింపరాదు.

రేకులలో సాదా ఇనుము చవుక, ఆయుర్దాయమును తక్కువ. అల్యూమినియము పూతగల ఉక్కు అంతకంటె మేలు. స్టెయిన్‌లెస్ ఉక్కు అన్నిటికంటె మన్నును. ఉప్పుగాలి తగులు కోనసీమ, బందరు, భీమిలి ప్రాంతములవారికి దానిపై పెట్టిన డబ్బు వ్యర్థము కాదు. అయస్కాంతము అంటుకొన్నచో స్టెయిన్‌లెస్ కాదని అంగళ్లలో ననుమాట పూర్తిగా సరికాదు. సైలెన్సర్లకు వాడు స్టెయిన్‌లెస్‌లో అయస్కాంతమునకు అంటునట్టి రకమును గలదు. అంతకంటె చేతితో ఎత్తి తూచి చూడుడు. పాతదానిని వెంట గొనిపోయి ప్రక్కన బెట్టుడు. మిక్కిలి తేలికగా నున్నది పలుచనిరేకుది. పొడవును, గొట్టపులావును, తగిలించు కొక్కెముల స్థానములును సరిపోలవలెను.

కెటలిటిక్ కన్వర్టరును గూర్చి ఒక హెచ్చరిక. 1995లో మన నాలుగు మహానగరములందు క్రొత్త పెట్రోలుకార్లకు దీనిని నిర్బంధము చేసిరి. తరువాత అంతటను వచ్చినది. సైలెన్సరుకు ముందుండు ఈ పెట్టెలో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహములు పూతగా నుండి, విషవాయువులను చాలవరకు విరిచివేయును. అడ్డుగానున్నదని చెప్పి దీనిని కోసివేసి, ఉత్తగొట్టము నతికి, కోసినదానిని అమ్ముకొను పనివారును కలరు. పని జరుగునప్పుడు దగ్గర నుండుడు. తీసిన ప్రతి వస్తువును మరల అడిగి పుచ్చుకొనుడు. 2020 ఏప్రిలునుండి బి.ఎస్. 6 నియమముతో వచ్చిన బండ్లలో గొట్టమునకు తగిలించిన యంత్రములే ఇంజనుకు సమాచారమిచ్చుచుండును. వానిజోలికి ఎంతమాత్రము పోరాదు.

చట్టమును చూడుడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు ప్రతి వాహనమునకును సైలెన్సరు ఉండవలెనని విధించినవి. తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదని 2019లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. మ్రోత, పొగల నియమమును మీరినవారికి, ఆ యేడు సవరించిన చట్టము ప్రకారము, మొదటితప్పునకే మూడుమాసములవరకు ఖైదుగాని, 10,000 రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. కాబట్టి మనుమడు కోరినది మ్రోతబండియైనచో, డబ్బిచ్చుటకుముందే ఈ సంగతి వానికి చెప్పుడు. చెడినదానికి బదులు అట్టిదే వేయించుటకు ఏ యాటంకమును లేదు.

అన్నిటికంటె భయంకరమైనది కంటికి కనబడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువును పట్టుకొనుటకంటె దీనిని రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలుపులు మూసిన గదిలో బొగ్గులకుంపటి పెట్టుకొని నిద్రించినవారు తెల్లవారి లేవకపోవుట మీరు వినియుందురు. ఆ పని చేసినది ఈ వాయువే. ముందుసీటుక్రింద గొట్టమునకు చిల్లిపడి, నేలరేకునకు మరియొక చిల్లియున్నచో అది బండిలోనికి వచ్చును. అందరికిని ఒక్కసారి తలనొప్పి, వాంతి, మత్తు కలిగినచో అది ఎండదెబ్బ యనుకొనక, బండినాపి దిగి గాలిలోనికి రండు. ఇంజను ఆడుచుండగా అద్దములు బిగించి చలువగాలిలో నిద్రించుట ఎన్నడును కూడదు.

బిగించినపిమ్మట చల్లని ఇంజనును ఆడించి, ఒకరు మందపు గుడ్డతో గొట్టముకొనను క్షణకాలము మూయవలెను. రెండవవారు బండిప్రక్కన వంగి వినవలెను. అతుకులవద్ద బుస్సుమని వినబడినచోట గాస్కెటు సరిగా కూర్చుండలేదు. రబ్బరుపట్టీలు తెగియున్నచో క్రొత్తవి వేయింపుడు, ఇనుపతీగతో కట్టనీయకుడు. తీగ కదలికను ఆపివేయును, అతుకు పగులును. తుదకు ఒకటి: పరుగెత్తివచ్చిన బండిగొట్టము, ముఖ్యముగా కన్వర్టరు, ఎండుగడ్డిని అంటించునంత వేడిగా నుండును. రోడ్డుపై ఆరబోసిన కందికట్టె, వరిగడ్డి బండిక్రింద చుట్టుకొన్నచో వెంటనే ఆగి, కఱ్ఱతో లాగివేయుడు. కళ్లమునందు గడ్డివాములదాపున బండిని నిలుపకుడు.