గుంపుగా పడితే దొంగ దొరుకుతాడా?

గుండు గీసిన తలలు, తెల్ల నిక్కర్లు. ఒకరి వెనక ఒకరిని ఇరికించి కూర్చోబెట్టిన వందల మంది ఖైదీలు. ఎల్ సాల్వడార్ జైలు రీల్స్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. మనకూ ఇట్లాంటి లీడరే కావాలని కింద కామెంట్లు పెట్టేవాళ్లు మనలోనూ ఉన్నారు.

ఆ దేశంలో 2022 మార్చిలో గ్యాంగులు మూడు రోజుల్లో 80 మందికి పైగా చంపాయి. ప్రెసిడెంట్ బుకేలే ఎమర్జెన్సీ పెట్టాడు. ఇప్పటిదాకా 80 వేల మందికి పైగా అరెస్టయ్యారు. హత్యలు బాగా తగ్గాయి, అది నిజం. పట్టుకున్నవాళ్లలో వేల మందిని మళ్లీ ప్రభుత్వమే వదిలేసింది, అదీ నిజమే.

మాది కాణిపాకం. ఈ రీల్స్ చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మన శేషాచలం అడవి.

ఎర్రచందనం మన కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెద్దగా పెరగదు. దుంగలు చెన్నై మీదుగా చైనా దాకా పోతాయి. ఈ దందాలో కోట్లు తినేది పైనున్న స్మగ్లర్లు. గొడ్డలి పట్టేది మాత్రం తమిళనాడు తిరువణ్ణామలై, వేలూరు, జవ్వాది కొండల నుంచి మేస్త్రీలు తోలుకొచ్చే కూలీలు.

2013 డిసెంబర్‌లో శేషాచలంలో డ్యూటీలో ఉన్న ఇద్దరు అటవీ అధికారులను దుండగులు దారుణంగా చంపేశారు. జిల్లా అంతా రగిలిపోయింది, న్యాయంగానే. ఆ తర్వాత వందల మంది తమిళ కూలీలను పట్టుకుని ఒకే కేసులో పెట్టారు. చాలామంది రెండేళ్లకు పైగా జైల్లోనే ఉన్నారు. చివరికి 2016లో తిరుపతి కోర్టు, నేరం రుజువు కాలేదని 280 మందికి పైగా వదిలేసింది.

ఆ రెండేళ్లు వాళ్లకు ఎవరు తిరిగిస్తారు? సరే, వాళ్ల సంగతి పక్కన పెట్టండి. చనిపోయిన ఆ అధికారుల ఇళ్లలో వాళ్లకు ఏం దక్కింది? చంపింది ఎవరో తేలనే లేదు. వందల మందిని ఒకే తాటికి కట్టేస్తే, అసలువాడు ఆ గుంపులోనే మాయమైపోతాడు.

ఇంకోపక్క చూడండి. ఈ స్మగ్లింగ్‌లో పెద్ద తలకాయ అని పోలీసులు చెప్పిన కొల్లం గంగిరెడ్డి బెయిల్ మీద బయటికొచ్చి దేశమే దాటిపోయాడు. 2015లో మారిషస్‌లో దొరికాడు. కూలీకి బెయిల్ కట్టే దిక్కు లేదు, పెద్దోడికి విమానం దొరికింది!

అదే ఏడాది ఏప్రిల్ 7న శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్ల తప్పేమిటో, ఎవరిది ఎంతో తేల్చే అవకాశం ఏ కోర్టుకూ మిగల్లేదు.

చట్టాలు లేక కాదు. పీడీ యాక్ట్ కింద విచారణ లేకుండానే ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. అడవిలో ప్రాణాలకు తెగించి తిరిగే గార్డులకు రక్షణ కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఆ రక్షణ రావాలంటే మేస్త్రీ ఎవరు, లారీ ఎవరిది, గోడౌన్ ఎక్కడ, డబ్బు ఏ ఖాతాకు పోయింది అని కూపీ లాగాలి. అది టైం పట్టే పని. వంద మందిని వరసగా నిలబెట్టి ఫొటో తీయడం అరగంట పని.

మా ఊరి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. దొంగతనం నింద పడ్డవాళ్లు కోనేట్లో మునిగి, స్వామి ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. ఎవరి ప్రమాణం వాళ్లదే. ఊరు ఊరంతటినీ ఒకేసారి నిలబెట్టి, మీలో దొంగ ఉన్నాడు కాబట్టి అందరూ దొంగలే అని ఇక్కడ ఎవరూ అనరు.

ఈసారి ఆ జైలు రీల్ వస్తే లైక్ కొట్టే ముందు ఒక్క మాట అడగండి: వీళ్లలో ఎవరు ఏం చేశారో ఎవరైనా తేల్చారా?