మీకు తెలుసా? అన్నకు లేని గారపళ్లు తమ్ముడికి!

ఊరు మారాక కడుపు చెడితే ‘కొత్త నీళ్లు పడలేదు’ అంటాం. చాలాసార్లు అది సూక్ష్మజీవుల పని, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు కొన్ని ఊళ్ల బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌ తీరు వేరు. రుచీ వాసనా లేకుండా ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుంది. జ్ఞానదంతాలు తప్ప శాశ్వత దంతాల పైపూత సుమారు 8 ఏళ్లలోపే తయారవుతుంది; ఫ్లోరైడ్‌ దాన్ని పాడుచేసేది ఆ వయసులోనే. అందుకే పదేళ్లప్పుడు వలస వచ్చిన పిల్లాడి పళ్లు తెల్లగానే ఉండొచ్చు. ఇక్కడికొచ్చాక పుట్టిన తమ్ముడికి మాత్రం గారపళ్లు రావచ్చు. ఎముకలకు చేసే హానికైతే ఆ వయసు పట్టింపు కూడా లేదు.

ఫ్లోరైడ్‌తో వచ్చే ఈ జబ్బును మన దేశంలో వైద్యులు తొలిసారి గుర్తించి రాసింది 1937లో, ఈ పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లాలో. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కాచి తాగితే చాలనుకునేరు! ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్‌ గిన్నెలోనే ఉంటుంది.