రేంజ్ పెరగాలంటే రింగు దగ్గరికి రండి

బాస్కెట్‌బాల్‌లో మూడు పాయింట్ల గీత నుంచి బంతి రింగుకు అందకపోతే చాలామంది భుజబలం చాలలేదనుకుంటారు. లోపం ఎక్కువగా కాళ్లలో ఉంటుంది. మోకాళ్లు వంచి లేచిన ఊపు మధ్యలో తెగకుండా మోచేయి, మణికట్టు మీదుగా వేలికొనలకు చేరాలి. తెగిందా, భారమంతా చేతి మీదే పడి బంతి బల్లపరుపుగా పోతుంది. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతిది దాదాపు 24. బంతి పైనుంచి వాలుగా దిగితేనే రింగు ఖాళీ పూర్తిగా దొరుకుతుంది, బల్లపరుపుగా వస్తే ఇరుకైపోతుంది.

ఎన్‌బీఏ ఆటగాడు స్టీఫెన్ కరీ అంత దూరం నుంచి వేస్తున్నప్పుడు మనమూ అక్కడి నుంచే సాధన చేయవచ్చు కదా అంటారు. కానీ హైస్కూల్లో నడుము దగ్గర నుంచి బంతి విసిరే కరీ చేత ఆ అలవాటు మాన్పించి, తల మీద నుంచి వదిలేలా తండ్రి డెల్ ఒక వేసవంతా దిద్దించారు. అలా మార్చిన మొదట్లో పెయింట్ (రింగు ముందున్న గీతల మధ్య భాగం) బయటి నుంచి వేయడమే అతనికి గగనమైంది. అందుకే దగ్గర కుదిరిన తీరు చెదరనంతవరకే వెనక్కి జరగాలి. మోచేయి పక్కకు పోతోందంటే ఒక అడుగు ముందుకు రావలసిందే.